తిరిగి పలకని అంకె

మా వదినను అసలు పేరుతో పిలిచేవాళ్ళు మా పరిశోధన కేంద్రంలో ఎవరూ లేరు. అందరికీ ఆమె మారుపలుకు. జీతాల పట్టీలో తప్ప ఆ అసలు పేరు ఎక్కడా కనిపించదు. అక్కడ కూడా గుమాస్తా ఒకసారి పరధ్యానంలో మారుపలుకనే కొట్టేశాడు. ఆమె నొచ్చుకోలేదు. "ఏముంది, ఎవరు కేకేసినా పలికేది నేనేగా" అంది.

ఆ పేరు ఆమె చేసే పనిని బట్టి వచ్చింది. మా కేంద్రం వాళ్ళు కొండ మీది అడవిలో పెద్ద చదరం ఒకటి గీసి, దాన్ని తాళ్ళతో వరసలుగా విడదీసి, మనిషి పిక్కంత గానీ అంతకు మించి గానీ లావున్న ప్రతి చెట్టుకూ ఒక నంబరు బిళ్ళ కట్టారు. ఐదేళ్ళకొకసారి ఆ చెట్లన్నిటినీ కొలుస్తారు, దాన్నే గణన అంటాం. ఛాతీ ఎత్తున రంగు గీత ఉంటుంది, టేపు సరిగ్గా దాని మీదుగా చుట్టాలి. కొలిచేది మా అన్నయ్య. రాసేది మా వదిన. పొదల్లో దూరి చెట్టును పట్టుకునేది ఒకరు, కాగితం బిగించిన పలక ఒళ్ళో పెట్టుకుని కాస్త తెరిపిలో కూర్చునేది ఒకరు. గాలి వీస్తుంటే అన్నది అరవయ్యో ఇరవయ్యో తెలియదు. అందుకని ఒక కట్టుబాటు ఉంది. అన్నయ్య అంకె చెబుతాడు. వదిన అదే అంకెను తిరిగి గట్టిగా పలుకుతుంది. అన్నయ్య "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" విన్నాకే పెన్సిల్ కాగితం మీద పడాలి. అప్పటిదాకా టేపు చెట్టు మీంచి వదలకూడదు. ఇంకో నియమం కూడా ఉంది. పాత కొలతలు అడవికి తీసుకెళ్ళకూడదు. పాత అంకె కళ్ళబడితే కొత్త అంకె దానివైపే మొగ్గుతుంది.

నా పని ఆఫీసులో, కంప్యూటరు ముందు. ఇప్పటి కొలతలోంచి ఐదేళ్ళ కిందటి కొలత తీసేసి, చుట్టుకొలతను అడ్డుకొలతగా మార్చి, మధ్యలో గడిచిన ఏళ్ళతో భాగిస్తే ఆ చెట్టు ఏడాదికి ఎంత లావెక్కిందో తెలుస్తుంది. వినడానికి బడిపిల్లల లెక్కే. రెండు మిల్లీమీటర్లు వస్తే ఆ చెట్టు బుద్ధిగా పెరుగుతున్నట్టు. లెక్క ఎవరైనా చేస్తారు, అందులో పడే అంకె నిఖార్సుగా ఉండడమే కష్టం. ఆ అంకెలు మా అన్నయ్య నోట్లోంచి, వదిన నోటి మీదుగా నా దగ్గరికి వచ్చేవి కాబట్టి నేను ఏ రోజూ వాటిని శంకించలేదు.

పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ చెప్పుకున్న కబుర్లన్నీ అంకెలే. వదిన మొదట రంగు డబ్బా మోయడానికి చేరింది. అప్పట్లో రాసే ఆయన జ్వరంతో పడుకుంటే, చేతిరాత బాగుందని పలక ఆమెకిచ్చారు. ఆ గణన మొత్తం అన్నయ్య చెప్పడం, ఆమె పలకడం, అన్నయ్య "ఆఁ" అనడం. అది ముగిసిన రోజు అన్నయ్య ఇంటికొచ్చి అమ్మతో, "ఆ అమ్మాయి పలికితే గానీ నా అంకె మీద నాకే నమ్మకం కుదరడం లేదమ్మా" అన్నాడు. అమ్మ పగలబడి నవ్వింది. "సంబంధం మాట్లాడమని అడగడానికి ఇదేం తీరురా" అంది.

వదినకు ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఆరింటికి వస్తానంటే "ఆరింటికి" అని, మనం ఔననేదాకా ఆగుతుంది. నాకసలే ముక్కు మీద కోపం. ఒకసారి విసుగొచ్చి, "వదినా, నీకు మతి లేదు" అన్నాను. "నాకు మతి లేదు" అని పలికి, నేను "ఆఁ" అనేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

అమ్మ చివరి రోజుల్లో మాట ముద్దముద్దగా వచ్చేది. కన్నకూతుర్ని, నాకే అర్థమయ్యేది కాదు. ఏడుపొచ్చి అవతలి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. వదిన మంచం పక్కన కూర్చుని, తనకు వినపడింది తిరిగి పలికేది. తప్పయితే అమ్మ తల అడ్డంగా ఊపేది. వదిన ఇంకోలా పలికేది. కుదిరేదాకా పలికేది. కుదిరినప్పుడు అమ్మ "ఆఁ" అనేది. ఆ ఓపిక నాకు లేకపోయింది, ఆమెకుంది. అప్పటి నుంచి నేను వదినను వెక్కిరించడం మానేశాను, పూర్తిగా కాదనుకోండి.

అలాంటి మనిషి ఈసారి గణన మధ్యలో నోరు మూసేసింది.

అన్నయ్యకు దగ్గరి చూపు తగ్గిందని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క అన్నయ్యకు తప్ప. వార్తాపత్రికను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, "ఈ మధ్య అచ్చు మరీ నాసిగా వేస్తున్నారు" అనేవాడు. కళ్ళద్దాల మాటెత్తితే కస్సుమనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రోజు చదరం మధ్యగా పారే వాగు దగ్గర ఒక చెట్టుకు టేపు చుట్టి, అంకె చెప్పడానికి తడుముకుంటున్నాడు. వదిన ఉండబట్టలేక రంగు వేసేవాళ్ళందరి ముందూ అనేసింది.

"మీకు కళ్ళు ఆనడం లేదు. టేపు ఇటివ్వండి. నేను చదువుతాను, మీరు రాయండి."

ఎవరో కిసుక్కుమన్నారు. అన్నయ్య మొహం మాడిపోయింది.

"ఇన్నేళ్ళూ నేను చెప్పిందేగా రాశావు? నేనన్నది తిరిగి పలకడం తప్ప నీకేం వచ్చు?"

వదిన పలక మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "సరే, ఇక పలకను" అంది.

అన్నంత పనీ చేసింది. వాగు అవతలి వరస మొత్తం అన్నయ్య అంకె చెప్పడం, వదిన రాసుకోవడం, అంతే. మొదలు ఉబ్బిన చెట్లకు గీత బాగా పైన ఉంటుంది, వాటి కోసం నిచ్చెన మోసే బాబాయి మాకు బంధువేమీ కాదు, అక్కడ అందరికీ బాబాయే. ఆయన నాతో, "ఆ మౌనంలో నాకు నిచ్చెన ఎక్కబుద్ధి కాలేదమ్మా" అన్నాడు. ఇంట్లోనూ ఎడమొహం పెడమొహం. ఎవరి తప్పని నన్నడిగితే ఇద్దరిదీ అంటాను. నలుగురిలో అనడం వదిన తప్పు. బదులుగా ఆ మాట అనడం అన్నయ్య తప్పు, అది పెద్ద తప్పు. చిలికి చిలికి గాలివాన అవుతుందని తెలిసీ నేను మధ్యలో దూరలేదు. మొగుడూపెళ్ళాల తగువులో దూరినవాళ్ళకు చివరికి మిగిలేది చెడ్డపేరే కదా అనుకున్నాను.

గణన పూర్తయి అంకెలు నా దగ్గరికొచ్చాయి. పాతవాటి పక్కన పెట్టి లెక్క నడిపించాను. వాగు ఇవతలి వరసలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఎక్కువ చెట్లు నెమ్మదిగా, కొన్ని చురుగ్గా, ఒకటీ అరా ఎవరో తరుముతున్నట్టు పెరిగాయి. వాగు అవతలి వరసకు వచ్చేసరికి తెర మొత్తం ఎర్రబడింది. మా కంప్యూటరులో ఎరుపంటే చెట్టు తగ్గినట్టు.

చెట్టు కాస్త తగ్గడం వింతేమీ కాదు. ఎండకు బెరడు బిగుసుకుంటుంది, ముసలి బెరడు పెచ్చులూడుతుంది. అలాంటివి అక్కడక్కడా వస్తాయి. వాటికి మాకొక హద్దుంది, అది దాటితే కొలతే తప్పు అనుకుని పక్కన పెడతాం. కానీ ఒక వరసలో దాదాపు ప్రతి చెట్టూ ఎలా తగ్గుతుంది? ఆ వరస దాటాక, చివరి వరసలు మళ్ళీ మామూలుగానే ఉన్నాయి. ఆ వరసను నోరెత్తకుండా పక్కన పెట్టేయాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఇవతలి వరసలు కొలిచిందీ, చివరి వరసలు కొలిచిందీ అదే చెయ్యి. ఒక వరసలో ఆ చేతిని నమ్మలేకపోతే మిగతా అడవిని ఏ మొహం పెట్టుకుని నమ్మమంటాను? మేడమ్‌కు చెప్పక తప్పలేదు.

మేడమ్ అంటే మా కొత్త అధికారిణి. మంచిదే, కాకపోతే మొహమాటం తెలియని మనిషి. అన్నయ్యనూ వదిననూ తన గదికి పిలిపించింది. వాళ్ళిద్దరూ బల్లకు ఇటొకరూ అటొకరూ నిలబడ్డారు. నేను కిటికీ దగ్గర, అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాను.

"వాగు అవతల చెట్లు తగ్గినట్టు వచ్చింది" అంది మేడమ్. "అడవికి జబ్బు చేసిందంటే నేను నమ్మను, వెళ్ళి చూసొచ్చాను, పచ్చగా ఉంది. కొలతలోనే ఏదో జరిగింది. టేపుతో ఏమైనా ఇబ్బంది వచ్చిందా?"

"టేపు వల్ల తేడా రాలేదు మేడమ్" అన్నాడు అన్నయ్య.

ఆ మాటకు వదిన చటుక్కున తలెత్తి ఆయన వైపు చూసింది. వాళ్ళు మొహాలు చూసుకోవడం మానేశాక నాకు తెలిసి అదే మొదటిసారి. ఏదో అనబోయి పెదవులు బిగించుకుంది. ఆ చూపు ఏమిటో నాకప్పుడు బోధపడలేదు.

"మరి కళ్ళా?" అంది మేడమ్ నేరుగా. సొరుగులోంచి టేపు తీసి, కొంచెం లాగి, మధ్యలో ఒకచోట వేలు పెట్టి ఆయన ముందుకు చాచింది. "ఇదెంత?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అన్నయ్య చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. వదిన వైపు ఓరగా చూశాడు. చెయ్యి దిగిపోయింది. టేపు మీదికి వంగాడు, తల వెనక్కి లాగాడు, మళ్ళీ వంగాడు.

"అరవై మూడు" అన్నాడు.

కిటికీ దగ్గరున్న నాకే కనిపిస్తోంది, అది అరవై ఎనిమిది. మా అన్నయ్య చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని దూరపు బండి మీది నంబర్లు చదివి చెప్పేవాడు. ఆ మనిషి ఒక చిన్న అంకె ముందు చెమటలు కక్కుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

"మీ మీద నాకు కోపం లేదు" అంది మేడమ్. "కానీ నివేదిక వెళ్ళాలి. మీ కొలత నిలవకపోతే ఈసారి గణన మొత్తం పక్కన పడేయాల్సి వస్తుంది. టేపు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది."

"ఇచ్చేయండి" అన్నాడు అన్నయ్య. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య వరండాలో గోడకేసి కూర్చుని ఉన్నాడు. ఉలకడు, పలకడు. వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది, అవసరానికి మించి గట్టిగా తోముతోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"వదినా, ఆ వరసలో ఏం జరిగిందో నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది? ఆయన అన్నది రాయడమేగా నా పని."

"ఇప్పుడు దెప్పుళ్ళు వద్దు. అన్నయ్య చేతిలోంచి టేపు పోతుంది. తెలుస్తోందా నీకు?"

గిన్నె పక్కన పెట్టింది. గొంతు బాగా తగ్గించి అడిగింది. "చెయ్యి బాగానే ఉంది, అనుభవముంది, ఒక్క కన్ను మాత్రమే సరిగ్గా లేదనుకో. అలాంటి మనిషిని ఉంచుకుంటారా? పక్కనున్నవాళ్ళు కాస్త చూసుకుంటే సరిపోతుందిగా?"

"ఎలా చూసుకుంటారు?"

"ఏం లేదులే" అని మళ్ళీ గిన్నె అందుకుంది. ఇంకెంత గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పలేదు. లోకంలో ప్రతి మాటా తిరిగి పలికే మనిషి, నాకు కావలసిన ఆ ఒక్క మాటా దాచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, చెప్పకుండా వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో ఆ వరసనే పట్టుకుని కూర్చున్నాను. ఏ పెరుగుదల ఎన్ని చెట్లకు వచ్చిందో ఒక బొమ్మ గీశాను. మామూలు వరసల్లో ఆ బొమ్మ సున్నాకు కాస్త కుడివైపు ఒక గుట్టలా లేచి, అక్కడి నుంచి కుడికి సన్నగా తోక సాగుతుంది. వాగు అవతలి వరసకు గీశాను. అదే గుట్ట. అదే తోక. కాకపోతే మొత్తం ఎడమకు జరిగి కూర్చుంది, ఎవరో బల్లను సామాన్లతో సహా పక్కకు నెట్టినట్టు.

కళ్ళు మసకబారిన మనిషి ఒక చెట్టుకు ఎక్కువ చెబుతాడు, ఒక చెట్టుకు తక్కువ చెబుతాడు. అప్పుడు గుట్ట చెదిరిపోవాలి. ఇది చెదరలేదు, జరిగింది. జరిగింది కూడా అన్ని చెట్లకూ ఒకే మోతాదులో, ఏడాదికి ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ ఆరు పైచిలుకు ఎక్కడిదో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. బొమ్మ తీసుకుని మేడమ్ గదికి పరిగెత్తాను.

ఆమె చాలాసేపు చూసింది. "కళ్ళు కాదంటావు. మరేమిటి?"

"తెలియదు మేడమ్."

"తెలియకుండా నేను నివేదికలో ఏం రాయను? ఆరు మిల్లీమీటర్లు కలిపేశామని రాయనా?" నిలదీసినట్టే అడిగినా, బొమ్మను పక్కన పెట్టలేదు. "రేపు అడవికి వెళ్దాం. ఆ రోజు ఏ టేపు వాడారో అదే టేపు, ఎలా చేశారో అలాగే చెయ్యాలి. ప్రతి చెట్టునూ ముందు నేను కొత్త టేపుతో కొలుచుకుంటాను, ఎవరికీ చెప్పను. తర్వాత వాళ్ళ కాగితంతో పోల్చుకుంటాను. కలిస్తే సరే. కలవకపోతే ఆయన టేపు అక్కడే తీసుకుంటాను. నువ్వు చెల్లెలివని చూడను."

మర్నాడు వాగు దాటాం. బాబాయి నిచ్చెన భుజాన వేసుకుని ముందు నడిచాడు, ఆయన వెనక అన్నయ్య, బాగా వెనకగా వదిన. మొదటి చెట్టు దగ్గర మేడమ్ తన టేపుతో కొలిచి, అరచేతిలో కాగితం దాచుకుని ఏదో రాసుకుంది. అన్నయ్య సంచిలోంచి పాత టేపు తీసి చెట్టు వెనక్కి వెళ్ళాడు. అది నాకు కొత్తగా అనిపించింది. రాసేవాళ్ళకు ఎదురుగా నిలబడి చదవడం ఆయన పద్ధతి. మేడమ్ కూడా వెనక్కి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఇటువైపు నుంచి మాకు చెట్టూ, దాన్ని చుట్టిన టేపూ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. నేను వదిన భుజం పక్కన కూర్చున్నాను.

"నూట ముప్పై మూడు" అని వినిపించింది అన్నయ్య గొంతు.

వదిన పలకలేదు. రాసింది. నేను కాగితం వైపు చూశాను. నూట ఇరవై మూడు.

తప్పు విన్నదేమో అనుకున్నాను. చెవిలో చెబుదామనుకునేలోపే అందరూ రెండో చెట్టు దగ్గరికి కదిలారు. మళ్ళీ మేడమ్ కొలుచుకుంది, మళ్ళీ అన్నయ్య చెట్టు వెనక్కి వెళ్ళాడు.

"ఎనభై ఎనిమిది."

వదిన డెబ్బై ఎనిమిది రాసింది. తడబాటు లేదు, కొట్టివేత లేదు. తెలిసే రాసింది.

నేను ఆమె మణికట్టు పట్టేసుకున్నాను. "ఏం చేస్తున్నావు వదినా? ఆయన ఎనభై ఎనిమిది అన్నాడు!"

"అరవకు" అంది గుసగుసగా. కళ్ళ నిండా భయం. "ఆ టేపు కొస తెగిపోయింది. తీగల్లో ఇరుక్కుని రింగు ఊడింది, మొదటి పది సెంటీమీటర్లూ లేవు. చుట్టితే పది ఎక్కువ చూపిస్తుంది. మీ అన్నయ్య గమనించలేదు. నిన్న గాక మొన్న మేడమ్ అడిగినా టేపు బాగానే ఉందనలేదూ? టేపు కొస లేదని కూడా కనపడని మనిషని వీళ్ళకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? అందుకని నేనే ప్రతిసారీ పది తీసేస్తున్నాను. కొత్త టేపు వచ్చేదాకా అలాగే చేశాను. నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో."

పది. చుట్టుకొలతలో పది సెంటీమీటర్లు. అడ్డుకొలతగా మారిస్తే మూడుకు కాస్త పైన. ఐదేళ్ళతో భాగిస్తే ఏడాదికి ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ నిండు పదిని నా భాగహారమే గుర్తుపట్టలేనంతగా ముక్కలు చేసింది. వెనక్కి గుణించి చూడాలన్న ఆలోచన నాకు రానే లేదు, ఇంత చదువూ చదివి. కానీ పది ఎక్కువ చూపే టేపులోంచి వదిన ఒక్కతే పది తీస్తే లెక్క సరిపోవాలి, తగ్గకూడదు.

వదిన వద్దని నా గడ్డం పట్టుకుని బతిమాలుతోంది. మేడమ్ అటువైపు అరచేతిలో కాగితం పట్టుకుని ఉంది. నేనిప్పుడు ఊరుకుంటే ఈ కాగితం అన్నయ్య మెడకు చుట్టుకుంటుంది. వదిన అనుకున్నదే నిజమైతే, మాట్లాడినా చుట్టుకుంటుంది. గట్టిగా అరిచేశాను.

"అన్నయ్యా! టేపు మీద ఎంతుంది?"

"చెప్పాగా, ఎనభై ఎనిమిదని."

"చెట్టుది కాదు! టేపు మీద! నీ కంటికి కనిపించే అంకె ఎంత?"

"తొంభై ఎనిమిది" అన్నాడు విసుగ్గా. "కొస తెగింది కదా. పది తీసేసే చెబుతున్నాను. మొదటి నుంచీ తీసే చెబుతున్నాను. అదీ ఒక అడగడమేనా?"

వదిన చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా, ఎవరికి వారే మంచి చేసేద్దామని చెరో పదీ తీసేశారు. రాసే అంకెను నోరు తెరిచి ఒక్కసారి పలికి ఉంటే మొదటి చెట్టు దగ్గరే తేలిపోయేది.

"మీరూ తీశారా?" అంది వదిన. ఆ మాట ఆయనతోనే అంది. ఎన్నాళ్ళ తర్వాతో.

అన్నయ్య టేపు వదిలేసి చెట్టు చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. "మీరూ ఏమిటి? అంటే నువ్వు..." అంటూనే ఆగిపోయాడు, ఎందుకంటే వదిన ఆయన మాట వినడం లేదు. ఆయన ముక్కు వైపు చూస్తోంది. ముక్కు మీద కళ్ళద్దాలు. రోడ్డు పక్క బండి మీద దొరికే రకం, ఒక పక్కకు వంగిపోయినవి. కంగారులో తీయడం మర్చిపోయినట్టున్నాడు. చెయ్యి పైకెత్తాడు గానీ ఇక తీసి ఏం లాభం.

"ఎప్పటి నుంచి?" అంది వదిన.

"నువ్వన్న మర్నాటి నుంచి."

"అందుకా చెట్టు వెనక్కి వెళ్తున్నారు?"

అన్నయ్య తల దించుకున్నాడు. మేడమ్ గదిలో చెయ్యి జేబు మీదికి ఎందుకు వెళ్ళిందో, ఎందుకు దిగిపోయిందో నాకప్పుడు తెలిసింది. పెళ్ళాం చెప్పిందే నిజమని ఆమె ముందు ఒప్పుకోవడం కంటే గుడ్డివాడనిపించుకోవడమే నయమనుకున్నాడు మహానుభావుడు. చెంప పగలగొట్టాలనిపించింది, పెద్దవాడైపోయాడు గానీ. నేనే ఏడ్చేశాను.

మేడమ్ తన కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. నూట ముప్పై మూడు, ఎనభై ఎనిమిది. ఆయన చెప్పినవే.

"టేపు ఆయన దగ్గరే ఉండనివ్వండి" అంది.

నేను కళ్ళు తుడుచుకుని, "అయితే ఈ వరసకంతా పది కలిపేస్తే లెక్క సరిపోతుంది కదా మేడమ్?" అన్నాను.

"సరిపోదు. కోపంలో ఏ చెట్టుకు తీశారో, ఏ చెట్టుకు మర్చిపోయారో వాళ్ళకే తెలియదు. కొత్త టేపు తీసుకోండి. మొదటి చెట్టు నుంచి మళ్ళీ రానివ్వండి." అంటూనే వదిన వైపు తిరిగింది. "తిరిగి పలకడం ఎందుకు మానేశారో నేనడగను. ఈసారి పలకండి."

మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికి వచ్చాం. వదిన పలక సర్దుకుని కూర్చుంది. పాత కాగితం తీసేసి కొత్తది పెట్టింది. అన్నయ్య ఈసారి వెనక్కి వెళ్ళలేదు. ఆమెకు ఎదురుగా నిలబడి, రంగు గీత మీదుగా టేపు చుట్టి, మెలి పడిందేమో వేలితో తడిమి చూసుకున్నాడు.

"నూట ముప్పై మూడు."

వదిన పలకలేదు. రాయనూ లేదు. అన్నయ్య టేపు వదలలేదు.

"ఆ రోజు అలా అనాల్సింది కాదు" అన్నాడు. అందరూ వింటున్నారని చూసుకోలేదు. "నువ్వు పలక్కపోతే నాకు చెప్పినట్టే ఉండడం లేదు. ఈ వరస మొత్తం అలాగే కొలిచాను."

వదిన ఆయన్నే చూస్తూ కూర్చుంది. "అద్దాలు వంకరగా ఉన్నాయి" అంది చివరికి.

అన్నయ్య ఒక చేత్తో టేపును చెట్టుకు అదిమి పట్టి, రెండో చేత్తో వాటిని సరిచేసుకున్నాడు.

"నూట ముప్పై మూడు" అంది మా వదిన, అడవంతా వినపడేలా.

అన్నయ్య నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు. తల మాత్రం ఊపాడు. వదిన రాయలేదు. పెన్సిల్ కాగితానికి అంగుళం ఎత్తున పట్టుకుని అలాగే ఆగింది, మా అమ్మ మంచం పక్కన ఆగినట్టు. మళ్ళీ నెమ్మదిగా పలికింది.

"నూట ముప్పై మూడు?"

"ఆఁ" అన్నాడు.

అప్పుడు రాసింది.